గిన్నెలు ఖాళీ చేయడం మానేశాక

అరవై దాటాక బరువు తగ్గడమేంటి, ఉన్నన్నాళ్ళూ హాయిగా తినక! మా వీధిలో నాకు ఎక్కువగా వినపడిన మాట ఇదే. నాకిప్పుడు 64 ఏళ్ళు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. రెండు గేదెలు, కాస్త కొబ్బరితోట, కొంచెం వరి. అయిదడుగుల మనిషిని 74 కిలోలకి చేరాను. షుగరు, బీపీ ఎలాగూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకి అమలాపురం వెళ్తే డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, "ఆపరేషన్ దాకా ఎందుకమ్మా, ముందు ఏడెనిమిది కిలోలు తగ్గండి, తర్వాత చూద్దాం" అన్నారు. కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గినట్టేనట. ఆ లెక్క నా బుర్రలో బాగా పడింది.

నేను తిండిపోతును కాదు. ఇది చెప్తే ఎవరూ నమ్మరు గానీ నిజం. వారం పాటు నోట్లో పడిందల్లా రాసి తెమ్మన్నారు డాక్టరు గారు. మనవడి పాత నోటుబుక్కులో రాశాను. కంచంలో వడ్డించుకుని తిన్నది నాలుగు లైన్లకి మించి లేదు. మిగతాదంతా కంచం బయటే. పొద్దున్న మా ఆయన వదిలేసిన మినపరొట్టె ముక్క. ఉప్పు చూడ్డానికి కూరతో ఒక ముద్ద. మధ్యాహ్నం అందరికీ పెట్టి నేను కూర్చునేసరికి మూడు. అప్పటికి పప్పు గిన్నె అడుగున రెండు గరిటెలుంటుంది, దాన్ని ఖాళీ చేయడానికి అన్నం. పులుసు కాస్త మిగిలితే దానికి ఇంకొంచెం అన్నం. పెరుగు గిన్నెకి అంటుకున్న మీగడ గోకి, చక్రకేళి నంజుకుని మరో నాలుగు ముద్దలు. ఆవకాయ కలిపిన రోజైతే ఆ బేసినులో వేడన్నం వేసి తుడుచుకు తినేది నేనే. అన్నం పారేస్తే పాపం. మా అమ్మా అంతే, మా అత్తగారూ అంతే. పెరట్లో కుడితి తొట్టి ఉంది. కూరగాయల తొక్కలు, బియ్యం కడుగు గేదెలకి, మిగిలిన అన్నం నాకు. గేదెలు నాజూగ్గానే ఉన్నాయి.

అందుకని మొదట మార్చింది వంటలు కాదు, నేను తినే వేళ. పన్నెండున్నరకి మా ఆయనతో పాటే కూర్చోవడం మొదలుపెట్టాను. "మరి వడ్డన?" అన్నారాయన. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకుందామన్నాను. కాసేపు గరిటె వంక చూశారు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది, ఆయన చేతిలో పప్పు గరిటె చూడ్డం అదే మొదలు. కొన్నాళ్ళు మొహం ముడుచుకుని తిన్నారు, తర్వాత అలవాటైపోయింది. చుట్టాలొస్తే మాత్రం ఈ పద్ధతి కుదరదు. "ఆయ్, ఇంకొంచెం వేసుకోండండి" అనకుండా భోజనం పెట్టడం మా గోదారోళ్ళకి చేతకాదు. ఆ రోజులు వదిలేస్తాను.

హైదరాబాదు నుంచి కోడలు చిన్న డిజిటల్ కాటా పంపింది. "అత్తయ్యా, ఏదీ మానకండి, తూచి వండండి చాలు" అంది. ఇద్దరికి ఒక పూటకి నేను పోసే బియ్యం తూస్తే 450 గ్రాములు! వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. మిగులుతుందని తెలిసే పోస్తున్నాం, సరిగ్గా సరిపడా వండితే దరిద్రమని మా అత్తగారి నమ్మకం. గుప్పెడు గుప్పెడు తగ్గించుకుంటూ, మా ఆయనకి చెప్పకుండా, 200కి తెచ్చాను. అందులో నా వాటా 80. ఎప్పుడైనా మిగిలితే ఆ గుప్పెడు కుడితిలోకే.

తగ్గిన అన్నం జాగాలోకి కూర వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లోనూ రోజు తినేదాంట్లో సగం కూరగాయలు, పళ్ళు ఉండాలనే ఉందట, కోడలు ఫోనులో చదివి వినిపించింది. మనకి కూరలకేం లోటు? ఆనపకాయ పాలు పోసి, పొట్లకాయ పెసరపప్పు, తోటకూర, పనసపొట్టు. లోటల్లా నూనె దగ్గరే, అంటే లోటు లేకపోవడం దగ్గర. నెలకి ఇద్దరికీ నాలుగు ప్యాకెట్లు అయ్యేవి. లీటరు ప్యాకెట్ అంటే 910 గ్రాములు. లెక్కేస్తే మనిషికి రోజుకి 60 గ్రాములు! డాక్టరు గారు చెప్పింది పాతిక. ఇప్పుడు నెలకి రెండే ప్యాకెట్లు, అయిపోతే మళ్ళీ ఒకటో తారీకు దాకా కొట్టుకి వెళ్ళేది లేదు. మొదటి నెల చివరి వారమంతా ఉడకేసిన కూరలే తిన్నాం. వేపుళ్ళు ఆదివారానికి పరిమితం.

డాక్టరు గారు ఒక విషయంలో మాత్రం గట్టిగా చెప్పారు. ఈ వయసులో కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, తర్వాత జారిపడితే లేవడం కష్టం. అందుకని రోజూ గుడ్డు, పప్పు, మజ్జిగ, వారానికి రెండుసార్లు శీలావతి చేప పులుసు. పులస సంగతి అడక్కండి, దాని ధరే పెద్ద పథ్యం. పొద్దున్న పెసరట్టు, ఉప్మా లేకుండా. మా వైపు అది అపచారమే, అయినా తింటున్నాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా నేర్పించారు. మొదట్లో మూడోసారికే ఆయాసం వచ్చేది. నడక కాలవగట్టు మీద. వానాకాలం గట్టు జారుతుంది కాబట్టి స్కూలు గ్రౌండులో.

షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. తిండి తగ్గించి మాత్ర అంతే వేసుకుంటే షుగరు మరీ పడిపోవచ్చని నాకు ముందే చెప్పారు, ఇంట్లో మిషన్ పెట్టుకోమన్నారు. అది మంచిదైంది. ఓ రోజు పదకొండు గంటలకి కొబ్బరి కోరుతుంటే చెమటలు పట్టి చేతులు వణికాయి. చూస్తే 62. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూశాను, 90 దాటింది. ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే మాత్ర సగానికి తగ్గించారు. డాక్టరుతో చెప్పకుండా అన్నం తగ్గించొద్దని నేను ఎవరికైనా చెప్పేది ఇందుకే.

సంక్రాంతికి పిల్లలొచ్చారు. పోకుండలు, అరిసెలు, సున్నుండలు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. కాటా అటక మీద పెట్టేశాను. కిలోన్నర పెరిగాను, మాఘమాసంలో దిగింది. టెన్షన్ పడలేదు. వీధిలో వాళ్ళు చెప్పిన నిమ్మరసం తేనె, ఏదో పొడి, రాత్రి పూట రెండు ఆపిల్స్ లాంటివేవీ నేను ముట్టుకోలేదు. రాత్రి ఏడున్నరకల్లా తినేయడం మాత్రం పనికొచ్చింది, టీవీ ముందు జంతికల డబ్బా దానంతటదే పోయింది.

ఏడాది దాటేసరికి 66 కిలోలకి వచ్చాను. మూడు నెలల సగటు షుగరు (HbA1c) 8.1 నుంచి 6.9కి దిగింది. మోకాళ్ళు పూర్తిగా నయమైపోలేదు గానీ మేడ మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కుతున్నాను, ఆపరేషన్ మాట ప్రస్తుతానికి లేదు. కొన్ని నెలలుగా బరువు అక్కడే ఆగింది. అక్కడే నిలబెట్టుకోండి చాలు, ఇంకా తగ్గాలని ఆరాటపడొద్దు అన్నారు డాక్టరు గారు. నాకూ అంతకన్నా ఓపిక లేదు, పైగా మామిడిపళ్ళ కాలం వస్తోంది. మా ఆయనకీ ఏ ప్రయత్నం లేకుండానే నాలుగు కిలోలు తగ్గింది. పొద్దున్నే కాలవగట్టు మీద నడవడం వల్లేనని ఊరంతా చెప్పుకుంటున్నారు. బియ్యం సంగతి నేనింకా చెప్పలేదు.