బోర్డు మీద దేశం పేరు లేని కార్యాలయం

మా అన్నయ్య కొడుకు తైవాన్‌లో ఎం.ఎస్. సీటు తెచ్చుకున్నాడు. కాగితాల పని కోసం చెన్నైలో ఎక్కడికి వెళ్ళాలో వెతుకుతూ, "బాబాయ్, తైవాన్ ఎంబసీ అని ఎక్కడా లేదేమిటి?" అని అడిగాడు. ఉన్నది తైవాన్ రాజధాని పేరుతో తైపే ఆర్థిక, సాంస్కృతిక కేంద్రం. ఢిల్లీలో 1995లోనూ, చెన్నైలో 2012లోనూ తెరిచారు. తైవాన్ తన భాగమేనని చైనా అంటుంది. మన ప్రభుత్వం తైవాన్‌ను అధికారికంగా గుర్తించలేదు కాబట్టి ఆ పేరులో దేశమూ లేదు, రాయబార కార్యాలయమన్న మాటా లేదు. శ్రీపెరుంబుదూరులోని తైవాన్ కంపెనీలతో నా ఉద్యోగరీత్యా పరిచయం ఉన్నందువల్ల ఆ దేశపు వార్తలను శ్రద్ధగా చదువుతుంటాను. వాడికి జవాబు చెప్పబోయి, నేను ఎంతో గౌరవించే తైవాన్ మాజీ విదేశాంగ మంత్రి జోసెఫ్ వూ గురించి చెప్పాను.

ఆయన 1954లో చాంగ్‌హువా ప్రాంతంలో పుట్టారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేట్ పొంది, అధ్యాపక వృత్తి నుంచి ప్రభుత్వంలోకి వచ్చారు. 2004లో చైనాతో సంబంధాలను చూసే మండలికి అధ్యక్షులయ్యారు. 2007లో వాషింగ్టన్‌లో తైవాన్ ప్రతినిధిగా వెళ్ళారు. అప్పుడు తైవాన్‌ను పాలిస్తున్న డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ నుంచి ఆ పదవికి వెళ్ళిన మొదటి వ్యక్తి ఆయనే. ఐక్యరాజ్యసమితి సభ్యత్వంపై తైవాన్ ప్రజాభిప్రాయ సేకరణ తలపెట్టడాన్ని అమెరికా ప్రభుత్వం బాహాటంగా తప్పుపట్టిన రోజులవి. అటు అమెరికాను నొప్పించకుండా, ఇటు సొంత ప్రభుత్వం మాట జారవిడవకుండా నెట్టుకురావడం కత్తి మీద సామే అయి ఉంటుంది.

2018 ఫిబ్రవరిలో ఆయన విదేశాంగ మంత్రి అయ్యేనాటికి తైవాన్‌ను 20 దేశాలు గుర్తిస్తుండగా, 2024లో దిగిపోయేనాటికి అవి 12కి తగ్గాయి. డొమినికన్ రిపబ్లిక్, బుర్కినా ఫాసో, ఎల్ సాల్వడార్, సోలమన్ దీవులు, కిరిబాతి, నికరాగ్వా, హోండురాస్, నౌరు ఒక్కొక్కటిగా చైనా వైపు వెళ్ళిపోయాయి. బుర్కినా ఫాసో తెగతెంపులు చేసుకున్నప్పుడు ఆయన రాజీనామా ఇవ్వజూపారు, అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్‌వెన్ అంగీకరించలేదు. ఈ లెక్క ఒక్కటే చూసి ఆయన విఫలమయ్యారనడం అన్యాయమని నా అభిప్రాయం. గుర్తింపు ఇవ్వని దేశాలతోనే ఆయన ఎక్కువ పని సాధించారు. 2021లో లిథువేనియా రాజధాని విల్నియస్‌లో తెరిచిన కార్యాలయానికి, చైనా ఎంత కోపగించినా, తైపే పేరు కాక తైవాన్ పేరే పెట్టారు. అదే ఏడాది ఆయన స్లొవేకియా, చెక్ రిపబ్లిక్‌లలో పర్యటించారు.

మనకు ఆయన బాగా తెలిసింది 2020 అక్టోబరులో. తైవాన్‌ను దేశమని రాయవద్దంటూ ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయం మన పాత్రికేయులకు లేఖ పంపింది. కొద్ది రోజులకే ఆయన ఒక భారతీయ టీవీ చానెల్‌కు ఇంటర్వ్యూ ఇచ్చారు. దానిపైనా చైనా అభ్యంతరం చెప్పగా, తైవాన్ విదేశాంగ శాఖ ట్విట్టర్‌లో గట్టిగా బదులిచ్చింది. ఆ ఖాతాలో ఆయన స్వయంగా చెప్పే మాటల చివర 'జెడబ్ల్యూ' అన్న పొడి అక్షరాలు ఉండేవి.

2024 ఫిబ్రవరిలో భారతీయ కార్మికుల విషయమై కుదిరిన అవగాహన పత్రంపై ఏ మంత్రీ సంతకం చేయలేదు. తైపేలో మన రాయబార కార్యాలయంలా పనిచేసే ఇండియా-తైపే అసోసియేషన్, ఢిల్లీలోని వారి కేంద్రం తరఫున సంతకాలు జరిగాయి. గుర్తింపు లేని చోట పని ఇలాగే నడుస్తుందని మా వాడికి చెప్పాను. అదే ఏడాది మే నెలలో వూ జాతీయ భద్రతా మండలి ప్రధాన కార్యదర్శి పదవిని రెండోసారి చేపట్టారు. మా వాడు కాగితాలన్నీ ఫైలులో సర్దుకున్నాడు, సోమవారం ఆ కార్యాలయానికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.