హారతి తీసుకున్నానని కన్ఫెషన్‌లో చెప్పాలా?

మేం ఉండేది న్యూజెర్సీలో, మాది నరసాపురం వైపు ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) కుటుంబం, మా ఆయనది అంబాజీపేట దగ్గర, రోజూ దీపం పెట్టే ఇల్లు. మొన్న సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని వెళ్ళాం, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రులని 11 ఊళ్ళ నుంచి శివుడి ప్రభలు, వెదురుతో కట్టి అలంకరించినవి, వస్తాయి కదా, గంగలకుర్రు ప్రభని కౌశిక కాలువ నీళ్ళలో దిగి భుజాల మీద దాటిస్తుంటే, పచ్చటి చేలు తొక్కుకుంటూ పోతున్నా రైతులు పల్లెత్తు మాట అనకపోతుంటే మా పాప వాళ్ళ నాన్న మెడ మీదెక్కి శరభా శరభా అని గొంతు పోయేలా అరిచింది, హారతి కళ్ళకద్దుకుంది.

తంటా వెనక్కొచ్చాక మొదలైంది. సెకండ్ గ్రేడ్, ఫస్ట్ కమ్యూనియన్ (మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవడం) క్లాసులు, దానికంటే ముందు మొదటి కన్ఫెషన్, అంటే చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకోవడం. పది ఆజ్ఞలు ముందు పెట్టుకుని రాసుకుంటోంది, తమ్ముణ్ణి కొట్టాను, ఐప్యాడ్ చూడలేదని అబద్ధమాడాను... పెన్సిల్ ఆపి "అమ్మా, హారతి కూడా రాయాలా?" అంది.

మా అమ్మని అడిగితే "రాయాలి మరి, వేరే దేవుళ్ళని కొలవొద్దని మొదటి ఆజ్ఞే కదే అది" అంది. ఈవిడే గుణదల మేరీమాత దగ్గరికి వెళ్ళి తలనీలాలిచ్చి కొబ్బరికాయ కొట్టొస్తుంది! మన దేశంలో చర్చి పూజలో హారతికి రోమ్ 1969లోనే ఒప్పుకుంది, మా ఊరి చర్చిలో ఇస్తారు కూడా, ఇక్కడి చర్చిలో అది లేదు కాబట్టి పిల్లకి హారతంటే నానమ్మ దేవుడిదే. అత్తయ్యగారేమో "దణ్ణం పెడితే పాపమేంటమ్మా, చోద్యం కాపోతే" అన్నారు.

మా ఆయన "పెద్దయ్యాక తనే తేల్చుకుంటుందిలే" అంటాడు. ఆయనకేం, చెప్తాడు. పెళ్ళికి చర్చి పర్మిషన్ కావాలంటే పిల్లల్ని కథోలికులుగా పెంచడానికి నా చేతనైనంతా చేస్తానని మాటివ్వాల్సింది నేను, ఆయనకి ఆ సంగతి తెలియజేస్తారంతే. పైగా ఏదీ నేర్పకుండా వదిలేస్తే అది తేల్చుకునేది దేన్నంట?

"నీకు తప్పనిపించిందా?" అనడిగా. "లేదు, భలే ఉంది" అంది. అయితే పాపాల్లో రాయకు, ఫాదర్‌నే అడుగు అన్నా. అడిగిందట, ఆయనేమన్నారో నాకు చెప్పలేదు, నేనూ గుచ్చిగుచ్చి అడగలేదు.

ఇప్పుడు వేసవికి అన్నవరం వ్రతమట, మమ్మల్నిద్దర్నీ పీటల మీద కూర్చోమంటున్నారు అత్తయ్యగారు. నేనింకా ఊ అనలేదు.