లక్క కోళ్ళ మంచం: కోళ్ళు అయ్యాయి, పట్టెలు బిగిశాయి

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, పాత పద్ధతిలో మంచం, నాలుగు కోళ్ళకీ, అంటే మంచం కాళ్ళకీ, లక్క రంగు. ఇదీ ప్లాను. కోళ్ళు తరిణె పట్టడం (తిరిగే యంత్రం మీద గుండ్రంగా చెక్కడం), లక్క ఎక్కించడం అయిపోయాయి, పట్టెలు (కోళ్ళని కలిపే చట్రం కర్రలు) కూడా ఒకసారి బిగించి చూశాను కాబట్టి ఇప్పటిదాకా జరిగింది రాసేస్తున్నా.

ముందు కర్ర సంగతి. పాలకొల్లు వైపు ఒక మండువా ఇల్లు పడగొడుతుంటే టేకు ద్వారబంధాలు, కొన్ని వాసాలు కొన్నాను. మన వైపు పాత ఇళ్ళలో ఇంత టేకు ఉండటానికి కారణం గోదావరే. మన్యంలో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి ఏటివాలున వదిలితే రాజమండ్రికి వచ్చేవి. అంత పాత కర్ర ఇంక పెద్దగా వంగదు, పగలదు, కానీ లోపల విరిగిన మేకులు ఉంటాయి. స్పీకర్లో ఉండే అయస్కాంతం తీసి ప్రతి ముక్క మీదా నెమ్మదిగా జరిపి చూడండి, లేకపోతే రంపం పళ్ళు పోతాయి. పాత సున్నం కూడా బాగా గోకేశాకే చిత్రిక పట్టాలి, సున్నం బ్లేడుని ఇట్టే మొద్దు చేస్తుంది.

కోడు 18 అంగుళాల ఎత్తు, 3 అంగుళాల చదరం. పట్టెలు దిగే పై 5 అంగుళాలూ చదరంగానే వదిలేసి, బెజ్జాలు ముందే తొలిచి, ఆ తర్వాతే తరిణె ఎక్కించాను. గుండ్రంగా చేశాక బెజ్జం కొట్టాలంటే కోడుని కదలకుండా పట్టుకోవడమే పెద్ద పని.

అసలు తెలివంతా ఆ బెజ్జాల్లో ఉంది. పొడుగు పట్టె, పొట్టి పట్టె రెండూ ఒకే కోడులోకి రావాలి, ఒకే మట్టంలో ఉండాలి, కూసాలు (బెజ్జంలో దూరే పట్టె కొసలు) మాత్రం లోపల గుద్దుకోకూడదు. అందుకని రెండున్నర అంగుళాల ఎత్తున్న పట్టెలో పొడుగుదాని కూసం పై సగంలో, పొట్టిదాని కూసం కింది సగంలో తీశాను. ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. కూసం మందం ముప్పాతిక అంగుళం. జిగురు లేదు, మేకు లేదు. నులక అల్లి కాళ్ళవైపు తాడు లాగి కట్టాక ఆ లాగుడే నాలుగు పట్టెల్నీ కోళ్ళలోకి బిగిస్తుంది, మనిషి పడుకుంటే ఇంకా బిగుస్తుంది. విప్పాలంటే తాడు వదులు చేసి కొయ్యసుత్తితో రెండు దెబ్బలు. కొత్త మంచాలకి బోల్టులెందుకు వేస్తారో నాకైతే అర్థం కాదు.

ఇక లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద కనిపించే పనే ఇది, వాటికి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళు వాడేది అంకుడు కర్ర, తెల్లగా, నునుపుగా ఉంటుంది కాబట్టి రంగు ఉన్నదున్నట్టు పలుకుతుంది. టేకుకి కన్నాలెక్కువ. మొదటి పూత పల్చగా వేస్తే చుక్కలు చుక్కలుగా కనపడింది, రెండో పూత గట్టిగా అదిమితే నిండిపోయింది.

లక్కని బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, జీళ్ళ పాకంలా లాగి మడిచి లాగి కడ్డీలు చేసుకోవాలి. తిరుగుతున్న కోడుకి కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మా వీధి చివరి వడ్రంగి బాబాయ్ పక్కనే నిలబడి చూసి, “రుద్దకండి బాబూ, ఆనించండంతే, అదే కరుగుద్ది” అన్నాడు. నిజమే. స్పీడు తక్కువైతే కరగదు, మరీ ఎక్కువైతే చుట్టూ చిమ్ముతుంది, చొక్కా మీద పడితే వదలదు.

తర్వాత మొగలి ఆకు. మన కాలువ గట్ల మీద కావలసినంత దొరుకుతుంది. అంచుల్లోనూ ఈనె అడుగునా ఉండే ముళ్ళు కత్తితో తీసేసి, ఎండబెట్టి, మడిచి, చుక్క నువ్వుల నూనె తగిలించి, తిరిగే కోడుకి అదిమి పట్టి ఆ కొస నుంచి ఈ కొసకి జరపాలి. గరుకుగా గారలు గారలుగా ఉన్న లక్క కళ్ళముందే పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. ఉప్పుకాగితం పెట్టకండి, గీతలు పడతాయి.

ఎరుపు, నలుపు, మధ్యలో సన్నటి పసుపు కంకణాలు. పసుపుకొమ్ముతో చేసిన పసుపు ఎండకి వెలిసిపోతుంది, అయినా ఆ రంగే కావాలనిపించి వేశాను, మంచం ఎలాగూ లోపలి గదిలో ఉంటుంది. కోళ్ళ అడుగున రెండంగుళాలు మాత్రం లక్క లేకుండా వదిలేసి అవిసెనూనె పట్టించాను. సబ్బు, సోడా నీళ్ళకి లక్క కరుగుతుంది, మా ఇంట్లో నేల తుడిచే ఊపు చూశాక ఆ జాగ్రత్త తప్పదు. శానిటైజర్ చేతులతో కూడా ముట్టుకోకండి, అందులో ఉండేది స్పిరిటే.

పట్టెలకి కూడా రంగు వెయ్యమని మా ఆవిడ అంటోంది. నేను ఒప్పుకోలేదు, తాడు రాపిడికి అక్కడ ఏ పూతా నిలవదు. అవిసెనూనె రెండుసార్లు పట్టించి, పట్టెల పై అంచు కొంచెం గుండ్రంగా చిత్రిక పడితే నులక తెగదు. ఈ ముసురు తగ్గితే ఆ పని, ఆ తర్వాత అల్లిక. నవ్వారైతే తొందరగా అయిపోతుందని అందరూ చెబుతున్నారు గానీ గోగునార నులక ఇప్పటికే చెప్పి ఉంచాను.