ఏడో రోజు లాక్టేట్‌తో మొదటి రోజు జోస్యం: నా థీసిస్ అనుభవం

నిన్న మధ్యాహ్నం వైవా అయిపోయింది. ఏకబిగిన పన్నెండు గంటలు నిద్రపోయి, లేచీ లేవగానే ఇది రాస్తున్నాను. ఇంకో వారం ఆగితే కోపం చల్లారిపోయి, అందరి గురించీ మంచిగా రాసేస్తానేమోనని భయం.

నా టాపిక్ "తీవ్రమైన కోవిడ్‌తో ఐసీయూలో చేరిన రోగుల్లో మరణ ప్రమాదాన్ని ముందుగా అంచనా వేయడం". నేను కోరి తీసుకున్నది కాదు. పాత కేస్ షీట్లు గుట్టలుగా పడున్నాయి, కొత్తగా రోగుల్ని చేర్చుకునే పని లేదు, తొందరగా అయిపోతుందని గైడ్ సార్ అంటగట్టారు. తొందరగా అయిపోతుందని ఎవరైనా చెప్పే థీసిస్‌ని జన్మలో నమ్మకండి.

ఎథిక్స్ కమిటీ ఒక్క సిట్టింగ్‌లో ఒప్పుకుంది. పాత రికార్డులే కాబట్టి పెద్దగా ప్రశ్నలు లేవు.

రికార్డుల గది సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ కూర్చునే ఆయనకి టీ టైం, భోజనం టైం, మళ్ళీ టీ టైం ఉంటాయి గానీ షీట్లు తీసిచ్చే టైం ఉండదు. రెండు రోజులు ఎదురు చూసి, మూడో రోజు నేనే నిచ్చెన ఎక్కాను. మీరూ అదే చేయండి, బతిమాలి లాభం లేదు.

షీట్లు దొరికాక అసలు తలనొప్పి డి-డైమర్‌తో, అంటే ఒంట్లో రక్తం గడ్డకడుతోందా అని చూసే పరీక్షతో మొదలైంది. 2020 మార్చిలో లాన్సెట్ జర్నల్‌లో వుహాన్ రోగులు 191 మంది మీద వచ్చిన పేపర్, చేరేటప్పుడే డి-డైమర్ 1 మైక్రోగ్రామ్ దాటినవాళ్ళలో మరణాలు ఎక్కువని చెప్పింది. దాంతో అందరూ ఆ పరీక్ష రాశారు. మా దగ్గర కొన్ని రిపోర్టులు నానోగ్రాముల్లో, కొన్ని మైక్రోగ్రాముల్లో ఉన్నాయి. అంతవరకే అయితే వెయ్యితో భాగిస్తే సరిపోయేది. కొన్ని కిట్లు ఎఫ్‌ఈయూ లెక్కలో చెబుతాయి, కొన్ని డీడీయూ లెక్కలో. అదే రక్తానికి మొదటి లెక్క రెండోదానికి దాదాపు రెట్టింపు వస్తుంది. రిపోర్టు మీద ఏ లెక్కో రాసి ఉండదు. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "నార్మల్ రేంజ్ పక్కనే ఉంటుంది కదా సార్, చూసుకోండి" అని పెట్టేశారు.

ఇంకోటి జీసీఎస్, అంటే మనిషికి స్పృహ ఎంతుందో చెప్పే అంకె. అన్నిటికన్నా తక్కువ 3. మత్తుమందు ఇచ్చి వెంటిలేటర్ పెట్టిన మనిషికి 3 అని రాసేస్తారు. ఆ 3ని అలాగే, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సోఫా స్కోరులోకి ఎక్కిస్తే మెదడు గడిలో ఏకంగా 4 పాయింట్లు పడతాయి. ఆరు అవయవాలకి తలా 4, మొత్తం 24 ఉన్న స్కోరులో అది చిన్న తప్పు కాదు. మత్తు ఇవ్వకముందు ఉన్న జీసీఎస్ వెతుక్కుని రాయాలి. ఇది నాకు మొదటి నెలలోనే తెలుసు, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటున్నాను. ఎందుకంటే తర్వాత చెప్పబోయేదాంట్లో గర్వపడేది ఏమీ లేదు.

షీట్లోంచి ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక్కో రోగికీ ఐసీయూలో ఉన్నన్నాళ్ళలో వచ్చిన అతి చెడ్డ విలువ తీసుకున్నాను. లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ సరిగ్గా అందకపోతే రక్తంలో పెరిగేది) అన్నిటికన్నా ఎక్కువ ఎంత, ఆక్సిజన్ నిష్పత్తి (పీ/ఎఫ్) అన్నిటికన్నా తక్కువ ఎంత, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, సీఆర్‌పీ లాంటి రక్తపరీక్షలన్నీ అలాగే. పడిపోయిన బీపీని లేపే నోరాడ్రినలిన్ పెట్టారా, డయాలసిస్ చేశారా అని రెండు గడులు. అలా 23 గడులు తయారయ్యాయి. "అతి చెడ్డ విలువ" అనే మాట, ఐసీయూ రోగి జబ్బు ఎంత తీవ్రమో కొలిచే అపాచీ-2 స్కోరులో చదివాను. 1985 నాటి ఆ స్కోరు నిజంగానే అతి చెడ్డ విలువలే తీసుకుంటుంది. కాకపోతే మొదటి 24 గంటల్లోవి. ఆ రెండో ముక్క నా బుర్రలోకి ఎక్కలేదు.

సాఫ్ట్‌వేర్‌లో లాజిస్టిక్ రిగ్రెషన్ నొక్కాను, అంటే ఈ గడుల్ని బట్టి చావు ప్రమాదాన్ని లెక్కగట్టే మోడల్ కట్టాను. ఏయూసీ 0.9 దాటి ఇంకా పైకి వెళ్ళింది. తెలియనివాళ్ళకి ఒక్క ముక్క: చనిపోయినవాళ్ళలో ఒకరిని, బతికినవాళ్ళలో ఒకరిని కళ్ళు మూసుకుని తీస్తే, చనిపోయిన మనిషికే మోడల్ ఎక్కువ ప్రమాదం చూపించడానికి ఎంత అవకాశం ఉందో ఆ అంకె చెబుతుంది. 0.5 అంటే బొమ్మా బొరుసూ. వేల మంది కోవిడ్ రోగులతో కట్టిన 4సీ అనే మరణ ప్రమాద స్కోరుని మళ్ళీ 22,361 మంది మీద పరీక్షించి చూస్తే 0.77 వచ్చింది. వయసు, ఆక్సిజన్, యూరియా లాంటి ఎనిమిది విషయాలతో 21 పాయింట్ల స్కోరు అది. ఒక పీజీ విద్యార్థి నాలుగు అల్మారాల షీట్లతో దాన్ని చిత్తుగా ఓడించాడంటే ఎక్కడో ఏదో తేడా ఉందని అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది. గ్రాఫ్ ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. గైడ్ సార్ చూసి "పెద్ద జర్నల్‌కే పంపుదాం" అన్నారు.

డిపార్ట్‌మెంట్ మీటింగులో ప్రెజెంటేషన్. బయోస్టాటిస్టిక్స్ మేడమ్ రెండో వరుసలో కూర్చుని ఏవో పేపర్లు దిద్దుకుంటున్నారు. వినడం లేదనుకున్నాను. పన్నెండో స్లైడులో తల ఎత్తారు.

"డాక్టర్ గారూ, ఈ మోడల్ ఎప్పుడు వాడాలి?"

"రోగి ఐసీయూలో చేరగానే మేడమ్."

"మంచిది. మొదటి వరుసలో ఉన్న రోగి లాక్టేట్ ఎప్పటిది?"

ల్యాప్‌టాప్‌లో షీటు తెరిచాను. వెతికాను. హాల్లో ఏసీ శబ్దం తప్ప ఏమీ లేదు. "ఏడో రోజుది మేడమ్."

"చనిపోయింది ఎప్పుడు?"

"ఎనిమిదో రోజు."

"అంటే చేరిన రోజు జోస్యం చెప్పడానికి వారం రోజులు ఆగాలన్నమాట."

వెనక వరుసలో జూనియర్లు నవ్వారు. మేడమ్ నవ్వలేదు, అదే ఇంకా నరకం. "రెండో రోగి?" అన్నారు. పదకొండో రోజు. "మూడో రోగి?" ఇలా ఆరుగురిని అడిగారు. ఆరుగురి దగ్గరా నిలబడి, వెతికి, చదివి వినిపించాను. నాలుగో రోగికి వచ్చేసరికి నోరు ఎండిపోయింది. ఆఖర్న "ఇది అంచనా కాదు, పోస్ట్‌మార్టం" అని మళ్ళీ పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు. ఇంకా తొమ్మిది స్లైడులు ఉన్నాయి. చూపించాలో వద్దో ఎవరూ చెప్పలేదు.

ఇంతకంటే మండించిన మాట ఇంకోటుంది. నాలుగు నెలలుగా ప్రతి వారం ఆ షీటు మీద సంతకం పెట్టిన గైడ్ సార్ లేచి, "నేను ముందే చెప్పాను, వీళ్ళు వినరు" అన్నారు. చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు. పేపర్ మీద ఎవరి పేరు ముందుండాలనేది మాత్రం రెండుసార్లు చెప్పారు.

రెండు రోజులు హాస్టల్ గది దాటలేదు. మూడో రోజు మేడమ్ గదికి వెళ్ళాను. అరిచి పంపించేస్తారనుకుంటే కుర్చీ చూపించి, తెల్ల కాగితం మీద ఒక గీత గీశారు. గీత మొదట్లో చిన్న సున్నా పెట్టి, "ఇక్కడ నిలబడ్డావు. సున్నాకి కుడిపక్క ఏం జరిగిందో నీకు తెలియదు. తెలిసినట్టు నటించకు" అన్నారు. సగం తప్పు అప్పుడే అర్థమైంది. మనిషి పోయేటప్పుడు లాక్టేట్ పెరుగుతుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీలు ఆగుతాయి. నేను కొలిచింది చావుకి ముందొచ్చే సూచనల్ని కాదు, చావునే. మిగతా సగం ఇంకా దొంగది. నాలుగు రోజుల్లో కోలుకుని వార్డుకి వెళ్ళినవాళ్ళకి నాలుగు పరీక్షలే ఉంటాయి. ఇరవై రోజులు పోరాడినవాళ్ళకి అరవై. అరవైలో అతి చెడ్డది ఏరితే చెడ్డదే దొరుకుతుంది.

ఇదే గోతిలో నాకన్నా పెద్దవాళ్ళు పడ్డారని ఆవిడే చెప్పారు. వుహాన్ రోగులు 485 మంది రక్తపరీక్షలతో 2020లో పెద్ద జర్నల్‌లో ఒక మోడల్ వచ్చింది. ఎల్‌డీహెచ్, సీఆర్‌పీ, లింఫోసైట్లు, ఈ మూడే చాలు, 90 శాతానికి పైగా సరిగ్గా చెబుతుందన్నారు. దానికి నేర్పింది ఒక్కో రోగి ఆఖరి రక్తపరీక్షతో. నెదర్లాండ్స్, ఫ్రాన్స్, అమెరికా వాళ్ళు తమ రోగుల మీద పెట్టి చూస్తే ఆ పదును రాలేదు. బీఎంజే అనే వైద్య జర్నల్‌లో వచ్చిన సమీక్ష ఒక దశలో 232 కోవిడ్ మోడళ్ళని జల్లెడ పడితే, ముందుకు తీసుకెళ్ళదగ్గవి రెండే మిగిలాయి. ఇది విన్నాక కొంచెం ఊపిరి ఆడింది. సిగ్గు పోలేదు గానీ తోడు దొరికింది.

మళ్ళీ నిచ్చెన, మళ్ళీ షీట్లు. మూడు వారాలు. ఈసారి మొదటి 24 గంటల్లోవే. రాసేటప్పుడు ప్రతి విలువ పక్కన తేదీ, టైం గడి పెట్టుకున్నాను. మీరేం చేసినా చేయకపోయినా ఆ గడి పెట్టండి.

రెండోసారి చదివినప్పుడే కొన్ని కొత్త సంగతులు కనిపించాయి. లాక్టేట్ గడి ఖాళీగా ఉన్నవాళ్ళలో ఎక్కువమంది బతికారు. మందులాగా ఖాళీ గడి పనిచేస్తుందా? డ్యూటీ డాక్టరుకి గుండె దడ పుట్టిన రోగికే ఆ పరీక్ష రాస్తారు, అంతే. న్యుమోనియా మీద పాతకాలపు మోడల్ ఒకటి ఆస్తమా ఉంటే ప్రమాదం తక్కువని నేర్చుకుందట. అలాంటివాళ్ళని నేరుగా ఐసీయూలో పెట్టి బాగా చూసుకోవడం వల్ల వచ్చిన ఫలితం అది. డాక్టరు చేసిన పనిని రోగి గుణంగా లెక్కేసింది మెషీను. నా నోరాడ్రినలిన్ గడి కూడా అలాంటిదే, తీసేశాను.

ఇంకా ఘోరం, వేరే ఆసుపత్రికి మార్చినవాళ్ళనీ, సంతకం పెట్టి వెళ్ళిపోయినవాళ్ళనీ "బతికినవాళ్ళు" గడిలో వేశాను. ఎందుకంటే మా షీట్లో చనిపోయినట్టు లేదు కాబట్టి. ఒక షీట్లో ఆఖరి నర్సింగ్ నోట్ ఇది: "రోగిని ఇంటికి తీసుకెళ్తామని బంధువులు అడిగారు. ఆక్సిజన్ 71." ఆయన నా లెక్కలో బతికిపోయాడు. ఆ రాత్రి ఇంకో షీటు తెరవలేకపోయాను.

ప్రతి పది మరణాలకీ ఒక్క గడి చొప్పునే ఉంచుకోవాలని ఒక పాత మోటు లెక్క ఉంది. దాని ప్రకారం 23 గడుల్లోంచి ఆరు మిగిలాయి. బూట్‌స్ట్రాప్ చేశాను, అంటే ఉన్న రోగుల్లోంచే మళ్ళీ మళ్ళీ తీసి మోడల్‌ని పరీక్షించాను. ఏయూసీ నేల మీదకి వచ్చింది, 4సీ పక్కనే మర్యాదగా నిలబడింది. ఒక్క వయసుతోనే చాలా దూరం వచ్చేస్తున్నామని తేలింది. అన్ని నెలల చాకిరీకి అది వినడం ఏమంత బాగుండదు.

కాలిబ్రేషన్ దగ్గర, అంటే మోడల్ చెప్పిన ప్రమాదం నిజంగా జరిగినదానికి సరిపోయిందా అని చూసేచోట, ఇంకో దెబ్బ. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అనేది సరిగ్గానే చెబుతోంది, కానీ తర్వాతి నెలల రోగుల్లో మోడల్ చెప్పినంతమంది చనిపోలేదు. కారణం పట్టుకోవడానికి వారం పట్టింది. 2020 జూన్‌లో, కోవిడ్ మందుల్ని పరీక్షించిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో 28 రోజుల మరణాలు మామూలు చికిత్సతో 41.4 శాతం, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే 29.3. ఆ మందు రాకముందు రోగులతో నేర్చుకున్న మోడల్, వచ్చాక రోగుల్ని అనవసరంగా చంపేస్తోంది. దీన్ని నేనే పట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు. గైడ్ సార్ ఇది కూడా ముందే చెప్పానంటారేమో చూడాలి.

నిన్నటి వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ రెండో ప్రశ్నగా "ఈ విలువలు ఎప్పటివి?" అన్నారు. ఆయన ప్రశ్న పూర్తి కాకముందే "మొదటి 24 గంటలవి సార్, టైం గడి అనుబంధంలో ఉంది" అన్నాను. తల ఊపి, పేజీ తిప్పి, మార్జిన్లు ఎందుకు సమానంగా లేవని అడిగారు. దాని మీద పది నిమిషాలు.

బయటకి రాగానే మేడమ్ గదికి పరుగెత్తాను. ఇంకెవరిదో షీటు చూస్తున్నారు. పాసయ్యానని చెప్పాను.

"కాలిబ్రేషన్ గ్రాఫులో నిలువు గీతకి పేరు తప్పు పెట్టావు. బైండింగ్ అయిపోయిందా?"

"నాలుగు కాపీలూ అయిపోయాయి మేడమ్."