చివరి లైన్‌లో పోయిన అక్షరం: నా కోడింగ్ రౌండ్ కథ

ఫ్రెండ్స్, శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది, ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యా! రెండో అటెంప్ట్. మొన్నటిదాకా చుట్టాల ఫోన్ వస్తే ఎత్తేదాన్ని కాదు, ఇప్పుడు నేనే వరసపెట్టి చేస్తున్నా. ఆప్టిట్యూడ్, వెర్బల్ సంగతి వదిలేయండి, అందరూ చేసేవే నేనూ చేశా. చెప్పాల్సింది పోయినసారి ఎట్టా పోయిందో.

సెంటర్ విజయవాడలో పడింది, గుంటూరు నుంచి పొద్దున్నే బస్సు. మొదటి కోడింగ్ ప్రశ్న చూసి నవ్వొచ్చింది. లైనుకొక ఫైల్ పేరు ఇస్తారు, చివర .జేపీజీ గానీ .పీఎన్‌జీ గానీ ఉన్నవి ఎన్నో లెక్కపెట్టాలి. ఇంతేనా అనుకుని పైథాన్‌లో ఎండ్స్‌విత్ (పేరు చివర ఫలానా అక్షరాలున్నాయా అని చూసే ఫంక్షన్) కొట్టా, రెండు ఎక్స్‌టెన్షన్లూ లిస్ట్‌లో పెట్టి ఇచ్చా. టైప్ ఎర్రర్. ఒకటికంటే ఎక్కువైతే దానికి టపుల్ (గుండ్రటి బ్రాకెట్లలో పెట్టే వరస) ఇస్తేనే తీసుకుంటుంది, లిస్ట్ ఒప్పుకోదు, ఈ ముక్క తట్టడానికి ఆరు నిమిషాలు పట్టింది.

సరిచేసి రన్ చేస్తే ఆన్సర్ సున్నా. స్పీడ్ కోసం ఒక్కో లైన్ చదివే రీడ్‌లైన్ వాడా, అది లైన్ చివరి న్యూలైన్‌ని (లైన్ అయిపోయిందని చెప్పే గుర్తుని) కూడా మోసుకొస్తుంది, మన కంటికి .జేపీజీతో అయిపోయినట్టుంటుంది గానీ దాని వెనక కనపడని అక్షరం ఇంకోటి ఉంటుంది. ఆ తోక కోసేద్దామని [:-1] పెట్టా, అంటే చివరి అక్షరం తీసెయ్ అని. శాంపిల్ పాస్. ధీమాగా సబ్మిట్ కొట్టి రెండో ప్రశ్నకి వెళ్ళిపోయా. హిడెన్ కేసుల్లో (మనకి చూపించకుండా వాళ్ళు పరీక్షించే ఇన్‌పుట్లలో) సగం పోయాయి.

తిరుగు బస్సు వారధి ఎక్కాక తట్టింది. చివరి లైన్‌కి న్యూలైన్ లేకపోతే? అప్పుడు నేను కోసింది తోకని కాదు, జేపీజీలో ఆఖరి జీని! పేరు .జేపీ అయి కూర్చుంది, ఎండ్స్‌విత్ ఫాల్స్ అంది, పాపం దాని తప్పేముంది. చివరి అక్షరాలు తీసేసే ఆర్‌స్ట్రిప్‌కి న్యూలైన్ ఇచ్చుంటే ఉన్నప్పుడు కోసేది, లేనప్పుడు ఊరుకునేది. మంగళగిరి దాకా కృష్ణా నీళ్ళు నా కళ్ళల్లోనే ఉన్నాయి. ఇంటికెళ్తే అమ్మ "ఎట్టా రాశావమ్మా" అంది, "బానే" అన్నా.

అందరూ జావా వాడాల్సింది అన్నారు. జావాలో ఎండ్స్‌విత్ ఒక్క స్ట్రింగే (అక్షరాల వరసే) తీసుకుంటుంది, క్యాపిటల్, స్మాల్ తేడా అక్కడా పట్టించుకుంటుంది, ఖాళీ స్ట్రింగ్ ఇస్తే రెండూ ట్రూనే అంటాయి. భాష మారిస్తే మారేది నా తొందర కాదు కదా. మా రూమ్మేట్ సీ భాషలో రాసింది, స్ట్రింగ్ పొడుగులోంచి సఫిక్స్ (చివర వెతికే ముక్క) పొడుగు తీసేసి, సఫిక్సే పెద్దదైనప్పుడు మైనస్ రాకుండా కొండంత నంబర్ వచ్చి ప్రోగ్రాం కుప్పకూలింది. అన్‌సైన్డ్ మహిమ, అందులో మైనస్ నంబర్లుండవు.

తర్వాత బ్రాడీపేట రూమ్‌లో మూడు నెలలు చిన్న ఫంక్షన్లతోనే కుస్తీ. ఎక్స్‌టెన్షన్ తీసేయడానికి ఆర్‌స్ట్రిప్ వాడకండి, అది మీరిచ్చిన అక్షరాల్లో ఏది చివర దొరికినా తినేస్తుంది, బ్యాగ్ డాట్ జేపీజీ (bag.jpg) ఇస్తే బ్యాగ్‌లో జీ కూడా పోయి బీ, ఏ మాత్రమే మిగుల్తాయి. 2020లో వచ్చిన పైథాన్ 3.9 వెర్షన్ నుంచి, ఇచ్చిన ముక్క చివర ఉంటేనే తీసేసే రిమూవ్‌సఫిక్స్ ఉంది, అది వాడండి. ఒకరోజు బోర్ కొట్టి "గుంటూరు" చివర "ఊరు" ఉందా అని పైథాన్‌ని అడిగా. ఫాల్స్! అక్కడున్నది ట కిచ్చిన కొమ్ముదీర్ఘం, ఊ అనే అచ్చు కాదు, యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతిలో) రెండిటికీ వేరే నంబర్లు. "రు" అని అడిగితే ట్రూ. కంటికి కనపడేది వేరు, మెషిన్ పోల్చేది వేరు అని నాకు నిజంగా ఎక్కింది ఆ రోజే, ఎంత లెక్చర్ విన్నా ఎక్కలేదు.

రోజుకి ఇరవై ప్రాబ్లమ్స్ చేశామని స్టేటస్‌లు పెట్టేవాళ్ళకి ఒక మాట, ఐదే చేయండి, ఖాళీ ఇన్‌పుట్, ఒకే లైన్, చివర స్పేస్, ఇవన్నీ మీరే ఇచ్చి చూడండి. పొద్దున ఐదింటికి లేవండి, ఫోన్ పక్క గదిలో పెట్టండి. నేను ఏడింటికే లేచేదాన్ని అనుకోండి, అయినా రాత్రి రెండు దాకా కూర్చునేదాన్ని, సరిపోయింది.

ఈసారి ప్రశ్న స్ట్రింగ్స్‌లో రానేలేదు, మ్యాట్రిక్స్ ఇచ్చారు. ఆఫర్ లెటర్ డౌన్‌లోడ్ చేశా, ఫైల్ పేరు చివర పీడీఎఫ్ అంతా క్యాపిటల్స్‌లో ఉంది. నా పాత కోడ్‌లో స్మాల్ అక్షరాల .పీడీఎఫ్ పెట్టి అడిగితే దాన్ని పీడీఎఫ్ కాదనేది.