'అమ్మ' అనే మాట ఫైలులో ఎలా ఉంటుంది?

ఒక ఫైలులో ఉన్నదాన్ని అక్షరాలుగా కాక 0, 1 అంకెలుగా చూడాలంటే లినక్స్‌లో ఎక్స్‌ఎక్స్‌డీ (xxd) అనే చిన్న కమాండు చాలు. విమ్ ఎడిటర్‌తో పాటు వచ్చే ఈ ప్రోగ్రాం మామూలుగా బైట్లను హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు గుర్తులతో రాసే సంఖ్యా పద్ధతిలో చూపుతుంది. కమాండుకు మైనస్ బి (-b) అని చేర్చితే ఒక్కో బైటును ఎనిమిది బిట్లుగా, అంటే ఎనిమిది 0, 1 అంకెలుగా విడదీసి, వరుసకు ఆరు బైట్ల చొప్పున చూపుతుంది.

'అమ్మ' అనే ఒక్క మాటను, అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, వరుసకు మూడు బైట్లే వచ్చేలా మైనస్ సి 3 (-c 3) కూడా ఇచ్చి చూశాను. మొదటి వరుసలో 11100000 10110000 10000101 వచ్చింది. అది 'అ'. రెండో వరుసలోని 11100000 10110000 10101110 'మ'. మూడో వరుసలో మ-ఒత్తు ఉంటుందనుకున్న నాకు 11100000 10110001 10001101 కనిపించింది, అది పొల్లు. నాలుగో వరుసలో మళ్లీ రెండో వరుసలోని నిండు 'మ'యే, ఒక్క బిట్టు తేడా లేకుండా ఉంది. చిన్నప్పటి నుంచీ మనం విడిగా దిద్దుకున్న ఒత్తుకు ఫైలులో విడిగా సంకేతమే లేదని, 'మ', పొల్లు, 'మ' వరుసగా ఉన్నప్పుడు వాటిని కలిపి ఒత్తుగా గీసే పని ఫాంటుదని ఆ 96 బిట్లు చూశాకే నాకు నిజంగా అర్థమైంది.

కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 అమరిక కూడా ఇక్కడే కంటికి కనిపిస్తుంది. మొదటి బైటు 1110తో మొదలైతే ఆ అక్షరానికి మూడు బైట్లని అర్థం. వెనుక వచ్చే రెండు బైట్లూ 10తో మొదలవుతాయి. ఈ గుర్తులను తీసివేసి 'అ'లో మిగిలిన బిట్లను చేర్చితే 0000110000000101, అంటే 3077, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో దాని సంఖ్య వస్తుంది. పెద్ద ఫైళ్లకు హెక్సాడెసిమలే నయం గానీ, బైటు నడుమ ఉండే ఇలాంటి హద్దులు అందులో కనిపించవు.

ఇలా బిట్లు చూపే ప్రోగ్రాంను పైథాన్ భాషలో సొంతంగా రాసుకునేవారు ఫైలును తప్పనిసరిగా బైనరీ మోడ్‌లో, అంటే బైట్లను ఉన్నవి ఉన్నట్టే చదివే పద్ధతిలో తెరవాలి. టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే, విండోస్‌లో రాసిన ఫైళ్లలో పంక్తి ముగింపు గుర్తులో భాగంగా ఉండే 00001101 అనే బైటు మన చేతికి రాకముందే మాయమవుతుంది. సంఖ్యను 0, 1 అంకెల్లో రాసిచ్చే బిన్ (bin) అనే ఫంక్షన్‌తోనూ జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది ముందున్న సున్నాలను వదిలేస్తుంది. నా మొదటి ప్రోగ్రాంలో 00001010 కాస్తా 1010గా అచ్చయి పక్క బైటుకు అతుక్కుపోవడంతో, ఏ బిట్టు ఏ బైటుదో తేల్చుకోలేక ఒక సాయంత్రమంతా గడిచిపోయింది. ఎనిమిది అంకెలు నిండేలా ముందు సున్నాలు చేర్చే 08బి (08b) అనే ఫార్మాట్ ఇచ్చాకే ప్రతి బైటుకూ దాని ఎనిమిది అంకెలు దక్కాయి.