తిరుపతి నుంచి చిత్తూరు గ్రంథాలయం దాకా

తిరుపతి నుంచి చిత్తూరుకు కోర్టు పనుల మీదా పెళ్ళిళ్ళకూ వెళ్ళివచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, గ్రంథాలయం కోసమే ఆ దారి పట్టేవాళ్ళు అరుదు. నేను ఈ నవంబరులో ఆ పని మీదనే బయలుదేరాను. 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి పుస్తకాలతోబాటు పాఠకులను కూడా చూడవచ్చునని నా ఆశ. మా ప్రాంతపు చరిత్ర చదవదలచుకున్న కొత్తవారికి ఒక చిన్న పట్టిక తయారుచేయాలనీ, అందులోని పుస్తకాలు డబ్బు పెట్టి కొనలేని పాఠకుడికి కూడా అందుతున్నాయో లేదో స్వయంగా చూడాలనీ చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేరుగా వెళ్తే దాదాపు 70 కిలోమీటర్ల దారి. చంద్రగిరి కోట దాటుతున్నప్పుడు కొండ కింద రాజమహల్ కనిపిస్తుంది. 1639లో మద్రాసు నేలను ఆంగ్లేయులకు ఇచ్చిన దామెర్ల నాయకులు ఈ చంద్రగిరి రాజులకు సామంతులే. పాకాల దగ్గర పనిగట్టుకుని చుట్టుదారి పట్టి దామలచెరువు మీదుగా వెళ్ళాను. ఇప్పుడు ఆ ఊరి పేరు చెప్తే అందరికీ మామిడికాయల మండీలే గుర్తొస్తాయి. కాని 1740లో మరాఠా సేనలు ఆర్కాటు నవాబు దోస్త్ అలీని చంపింది ఈ కనుమలోనే. అక్కడ దిగి టీ తాగుతూ నలుగురిని అడిగాను. ఎవరూ వినలేదన్నారు. అది వాళ్ళ తప్పని నేను అనను. ఆ సంగతి వాళ్ళ భాషలో, వాళ్ళ ఊళ్ళో దొరికే పుస్తకంలో ఉంటేనే కదా తెలిసేది!

చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి చేరేసరికి పత్రికల గది నిండిపోయి ఉంది. ఒకవైపు పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు సొంత పుస్తకాలు ముందేసుకుని తలెత్తకుండా కూర్చున్నారు. మరోవైపు పెద్దవాళ్ళు పత్రిక పేజీలను విడదీసి, ఒకరు చదివింది మరొకరికి అందిస్తూ ఊరి సంగతులు మెల్లగా చెప్పుకుంటున్నారు. నోటీసు బోర్డు మీద వారోత్సవాల వ్యాసరచన పోటీ, ఉద్యోగ ప్రకటనలు, ఒక కంటి పరీక్షల శిబిరం వివరాలు ఉన్నాయి. ఆ బోర్డు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. పుస్తకం తెరవని మనిషి కూడా దాన్ని చదివే వెళ్తున్నాడు. గ్రంథాలయానికి మొదటి పుట అదేనని నాకు అనిపించింది. ఇదంతా ప్రజల సొమ్ముతో నడుస్తున్నదే. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టంతో మొదలై, 1960లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకున్న తర్వాత కూడా, ఇంటిపన్నుతోబాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సే దీనికి ఆధారం. ఇప్పుడది పన్నులో రూపాయికి 8 పైసలు.

స్థానిక చరిత్ర ఎక్కడుందని అడిగితే గ్రంథాలయాధికారి లేచి వచ్చారు. "ఏ ఊరి చరిత్ర కావల్ల సార్ మీకు? ఊరిని బట్టి బీరువా మారతాది" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. 1911 ఏప్రిల్ 1న ఈ జిల్లా ఏర్పడకముందు చిత్తూరే ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. తిరుపతి కూడా అందులోదే. మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చి చేరాయి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి మరో జిల్లాకు కేంద్రమైంది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలో కలిసింది. ఇన్నిసార్లు గీతలు మారిన నేల చరిత్ర ఒకే శీర్షిక కింద దొరకదు. అందుకే చిత్తూరు గురించి చదవాలంటే 1881లో కాక్స్ దొర రాసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ (జిల్లా వివరాల గ్రంథం) దగ్గరికి, మదనపల్లె కోసం కడప జిల్లా పుస్తకాల దగ్గరికి వెళ్ళాలి.

అయితే కొత్త పాఠకుడి చేతికి ముందుగా మాన్యువల్ ఇవ్వకూడదని నా అభిప్రాయం. కథలతో మొదలుపెట్టాలి. దామలచెరువు పక్కన మొగరాలలో పుట్టి, బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం కథల్లో ఈ పల్లెల మనుషులు వాళ్ళ మర్యాదతో, వాళ్ళ అప్పులతో కనిపిస్తారు; ఆ కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తర్వాత డాక్టర్ కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ రాత్రివేళ అడవిలోకి వెళ్ళిన ముసలివాడి కథ అది. చిన్న నవలే గాని మొదలుపెడితే మధ్యలో ఆపడం కష్టం. ఈ రెండూ చదివినవాడు ఆ నేల గతం ఏమిటని తానే అడుగుతాడు. అప్పుడు శాసనాలూ మాన్యువళ్ళూ. చిత్తూరుకు దగ్గరలోనే ఉన్న నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరు 7న హైదరాలీ చనిపోయాడని చదివినప్పుడు, అది పరీక్షకు బట్టీపట్టే తేదీగా మిగిలిపోదు.

పాత పత్రికల జిల్లా అనుబంధాల గురించి కూడా అడిగాను. చెరువు తెగిన వార్త, జాతర వార్త, బడికి కొత్త గది కట్టిన వార్త వాటిలో తప్ప మరెక్కడా అచ్చుకావు. చాలా ఊళ్ళలో అవి నెలలు తిరగకుండానే చిత్తుకాగితాలుగా తూకానికి పోతున్నాయి. కత్తిరించి ఊళ్ళవారీగా ఫైళ్ళలో అతికించే మనుషులుంటే బీరువాలో ఒక అర ఇస్తానని అధికారి అన్నారు. పత్రిక చదువుతున్న ఒక పెద్దాయన అది విని, "నేను చేస్తా నాయనా, నాకు పొద్దుపోని పని" అని ముందుకు వచ్చారు. ఇద్దరం కూర్చుని ఫైళ్ళ మీద రాయవలసిన ఊళ్ళ పేర్లు కాగితం మీద వేసుకున్నాం. తిరుత్తణి ఇప్పుడు మనది కాదు కదా అని అధికారి సందేహించారు. పెద్దాయన ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ పుట్టిల్లు తిరుత్తణి అట. ఆ పేరును కూడా పట్టికలో చేర్చాం.